జేబులు చూసి ఉతకాలి

ఫహాహీల్‌లో, చేపల మార్కెట్టు వెనక సందులో
మా లాండ్రీ గోడ మీద ఒకటే నియమం:
జేబులు చూసి ఉతకాలి.

చూస్తాను.
పెట్రోలు రసీదు, తెగిన తస్బీ పూస,
ఒకసారి దూదిలో చుట్టిన పిల్లోడి పాలపన్ను.
డబ్బులైతే కవర్లో పెట్టి పిన్ను కొడతాను.
ఎవరికీ అక్కర్లేనివి
పాలపొడి డబ్బాలోకి పోతాయి.

ఆ డబ్బాలోంచే కార్డులు మొదలయ్యాయి.
చొక్కా మడతలో పెట్టే అట్ట,
టీ పొట్లం లోపలి వెండి కాగితం,
ఊడిన బొత్తాలు,
గులాబీ రంగు గుర్తు చీటీలు, నంబర్లతో సహా.
జిగురు కొనే పనిలేదు, గంజి ఉంది.
ఇస్త్రీ పెట్టె ఉంది.
ప్లాస్టిక్ కవరు మీద గుడ్డ వేసి
మూడు లెక్కపెట్టేంతసేపు అదిమితే
దారప్పోగులు అట్టకి అంటుకుపోతాయి.
నాలుగు లెక్కపెడితే కమురు కంపు.
ఆ తేడా నేర్చుకోడానికి
రెండు అట్టలు, ఒక వేలు ఖర్చయ్యాయి.

పార్కింగులో సిద్ర్ చెట్టొకటి ఉంది.
మా రాజంపేటలో దాన్ని రేగు అంటాం.
దాని ఆకుని కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే
పచ్చదనం పోయి ఈనెలు తేలతాయి.

ఉగాదికి గదిలో ఆరుగురికి ఆరు చేశాను.
కారం ఉండాలి కదా అని
ఎండుమిరప గింజలు అతికించాను.
కార్డు తెరిచిన ఓబులేసు
పొద్దుపోయేదాకా తుమ్ముతూనే ఉన్నాడు.
డిసెంబర్లో రోవేనా అనే నర్సమ్మ పన్నెండు అడిగింది.
మంచు కావాలంది.
ఫ్రిజ్జులో తప్ప నేను మంచు చూసింది లేదు.
తడి గంజి మీద సబ్బుపొడి చల్లాను.

మొదటి రంజాన్ కార్డు
ఎడమ నుంచి తెరుచుకునేలా మడిచాను.
మా ఓనరు, ఇస్కందరియా మనిషి,
అటూ ఇటూ తిప్పి చూసి
"చివర్నుంచి మొదలెట్టావేంటయ్యా" అన్నాడు.
అప్పట్నుంచి మడత మార్చాను.

ఇరవై ఐదో ఉపవాసం నాడు
బూ మిషారీ వచ్చాడు, పద్నాలుగు దిష్దాషాలతో.
బల్ల అద్దం కింది కార్డుల్ని చానాసేపు చూశాడు.
"ఒకటి చెయ్యి. మా అన్నకి.
ఏడేళ్లయింది."
ఏమయి ఏడేళ్లో చెప్పలేదు.
పేరు రాయనా అంటే
తనే రాసుకుంటానన్నాడు.

రెండు రాత్రులు పట్టింది.
మిఠాయి డబ్బా మీది అక్షరాలు చూసి
'ఈదుకుమ్ ముబారక్' అని కుడి నుంచి దిద్దాను.
పాత కాలరు ముక్కతో ఒక తలుపు,
తలుపుకి కాజా, ముత్యం రంగు బొత్తాం.
బొత్తాం విప్పితేనే
లోపలి నెలవంక కనిపిస్తుంది.
పావు దినారు ఇచ్చి, జేబులో పెట్టుకుని వెళ్లాడు.

పండగైన వారానికి బట్టలొచ్చాయి.
జేబులు చూశాను.
నాలుగోదాంట్లో ఉంది.
నడిమికి విరిగి, ఊద్ వాసనేస్తూ,
పెట్టిన బొత్తాం పెట్టినట్టే.
లోపల పేరుందో లేదో నేను చూడకూడదు,
ఆ బొత్తాం కుట్టింది నేనే అయినా.

పల్చటి గుడ్డ పరిచి, ఆవిరి ఆపి,
విరిగిన గీత మీద ఇస్త్రీ నడిపాను.
అట్ట మడత పూర్తిగా పోదు, తగ్గుతుంది.
ఉతికిన దిష్దాషా జేబులో తిరిగి పెట్టాను.
బూ మిషారీ జేబు తడుముకున్నాడు.
నా వైపు చూడలేదు.
చిల్లర మాత్రం వద్దన్నాడు.

పై వారం మళ్లీ ఉంది.
మళ్లీ ఇస్త్రీ.
ఎండలు ముదిరాయి, కార్డు అంచులు మెత్తబడ్డాయి,
మేమిద్దరం దాని గురించి
ఒక్క మాటా అనుకోలేదు.

బక్రీదు దాటాక వచ్చిన మూటలో
కార్డు లేదు.
జేబు అడుగున, కుట్టు మూలలో,
వేలికి బొత్తాం తగిలింది.
దారం అరిగి తెగింది కాదు,
తొందరపడి ఎవరో లాగినట్టు
పోగులు రేగి ఉన్నాయి.
ఎవరి చేతులో.

పాలపొడి డబ్బా మూత తీశాను.
తీసి, మళ్లీ పెట్టేశాను.
డబ్బులకి చేసినట్టే
బొత్తాన్ని కవర్లో వేసి,
దిష్దాషా భుజానికి
పిన్ను కొట్టాను.